హాలు కొలత చెప్పండి, బాకా సంగతి తర్వాత

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు హారన్ స్పీకర్ల మీదే ఉన్నాయి. వాటిని మా కోఠి దుకాణాల్లో మొదటినుంచీ 'బాకా' అనే అంటాం. నాకు ఆ మాటే అలవాటు, ఇక్కడా అదే వాడతాను.

ప్రశ్న: మాస్టారూ, నేను బ్యాంకులో చేసి రిటైరయ్యాను. మల్కాజ్‌గిరిలో సొంత ఫ్లాటు. ఈమధ్య బోయిన్‌పల్లిలో ఒక స్నేహితుడి ఇంట్లో హారన్ స్పీకర్ల మీద ఘంటసాల పద్యాలు విన్నాను. మనిషి ఎదురుగా నిలబడి పాడినట్టే ఉంది. ఆంప్లిఫయరు 8 వాట్లేనట! మా అబ్బాయేమో "గుడి మైకు తెచ్చి ఇంట్లో పెడతావా నాన్నా" అంటున్నాడు. కొనమంటారా?

జవాబు: సార్, మీ అబ్బాయి చెప్పింది సగం నిజం. గుడి గోపురం మీది బాకాకీ, మీ స్నేహితుడి ఇంట్లోదానికీ సూత్రం ఒకటే. పొలంలో అవతలి గట్టు మీదున్నవాణ్ణి పిలవాలంటే రెండు చేతులూ నోటి చుట్టూ దొప్పలా పెట్టి కేకేస్తాం. గొంతులో బలం పెరగదు, కేక మాత్రం అందుతుంది. స్పీకర్ పొర బరువు, గాలి తేలిక. పొర ఎంత ఊగినా గాలి పక్కలకు జారిపోతుంది. సన్నగా మొదలై మెల్లగా విచ్చుకునే గొట్టం తగిలిస్తే ఆ జారుడు తగ్గి, పొర పడ్డ కష్టంలో ఎక్కువ భాగం శబ్దంగా బయటికొస్తుంది. కరెంటు అక్కర్లేని గ్రామఫోను గదంతా వినిపించిందంటే ఆ బాకా చలవే.

లెక్క చెబుతాను. మామూలు ఇంటి స్పీకర్‌కి ఒక వాట్ ఇచ్చి మీటరు దూరంలో కొలిస్తే 87 డెసిబెల్స్ (శబ్దం గట్టిదనానికి కొలత) చుట్టుపక్కల వస్తుంది. ఇచ్చిన కరెంటులో నూటికి ఒక వంతు కూడా శబ్దం కాదు, మిగతాదంతా వేడి. పెద్ద బాకా స్పీకర్లలో అదే ఒక వాట్‌కి 105 దాకా వచ్చేవి ఉన్నాయి. తేడా 18 డెసిబెల్స్. ప్రతి 3 డెసిబెల్స్‌కీ రెట్టింపు వాట్లు కావాలి కాబట్టి, అక్కడ 60 వాట్లు పైచిలుకు చేసే పని ఇక్కడ ఒక్క వాట్ చేస్తుంది. పదడుగుల దూరంలో కూర్చుని మామూలుగా పాటలు వింటే అలాంటి స్పీకర్ తీసుకునేది వాట్‌లో వందో వంతు. మీ స్నేహితుడి 8 వాట్లు తక్కువని జాలిపడక్కర్లేదు. బహుశా 300బి అనే గాజు వాల్వు పెట్టిన ఆంప్లిఫయరై ఉంటుంది. ఆ వాల్వు 1930ల నాటిది, ఒక్కటే పెడితే దాని శక్తి దాదాపు అంతే.

అయితే బాకా గొప్ప మోతలో లేదు. మోత కావాలంటే ఇవాళ 100 వాట్ల ఆంప్లిఫయరు చవకగా దొరుకుతుంది. గొప్ప శుభ్రతలో ఉంది: పొర అతి కొంచెమే కదులుతుంది కాబట్టి శబ్దం వంకరపోవడం (డిస్టార్షన్) తక్కువ. మృదంగం మీద వేలు పడిన దెబ్బ దెబ్బలా వినిపిస్తుంది, దిండు మీద కొట్టినట్టు కాదు. రాత్రి పదింటికి వాల్యూమ్ బాగా తగ్గించినా సాహిత్యంలో ఒక్క అక్షరం పోదు. పక్క ఫ్లాటువాళ్ళు తలుపు కొట్టరు. ఇంకోటి, బాకా శబ్దాన్ని కావలసిన వైపే పంపుతుంది. మన ఫ్లాట్లలో నేలంతా టైల్సు, బాల్కనీకి గాజు తలుపు, గోడలు నున్నగా. హాల్లో ఒకసారి చప్పట్లు కొట్టండి, 'టింగ్' మని మోగుతుంది చూడండి. పక్కగోడలకు తక్కువ తగిలితే ఆ గందరగోళం కొంత తగ్గుతుంది.

గుడి మైకు మాటకొస్తే, దాన్ని చేసిందే మాట దూరం వెళ్ళడానికి. కింది స్వరాలూ ఉండవు, పై మెరుపూ ఉండదు, మధ్యలో ముక్కుతో పలికినట్టుండే గొంతే. ఇంటి బాకాల్లో చాలావరకు కింది స్వరాలకూ పై స్వరాలకూ వేరువేరు డ్రైవర్లు, అంటే శబ్దం పుట్టించే యూనిట్లు ఉంటాయి. కానీ గొట్టం వంపు సరిగా లేకపోతే మూతి (విచ్చుకున్న కొస) దగ్గర శబ్దం కొంత వెనక్కి కొట్టి మళ్ళీ తిరిగొస్తుంది. అప్పుడు సుశీలగారు కూడా జలుబు చేసి పాడినట్టుంటారు. అందుకే వినడానికి వెళ్ళినప్పుడు సంగీతం కన్నా ముందు మాటలు వినండి. ఇంట్లోవాళ్ళ మాట ఒక నిమిషం ఫోన్‌లో రికార్డు చేసుకెళ్ళి వేయించండి. ముప్పై ఏళ్ళుగా వింటున్న గొంతులో ముక్కు తగిలితే మీకు ఇట్టే తెలిసిపోతుంది. దుకాణదారుడి డెమో పాటలో తెలియదు.

ఇక మీరు ఉత్తరంలో రాయనిదీ, నేను మొదట అడగాల్సిందీ ఒకటుంది: మీ హాలు ఎంత?

కింది స్వరాల అలలు మరీ పొడుగు. 50 హెర్ట్జ్ అల దాదాపు 7 మీటర్లు, అంటే 22 అడుగులు దాటుతుంది. ఆ స్వరాన్ని బాకాతోనే సరిగా పలికించాలంటే, గది మధ్యలో పెట్టే మూతి అడ్డకొలత 7 అడుగులు ఉండాలి. మన గుమ్మమే 7 అడుగులు! అమెరికాలో పాల్ క్లిప్ష్ దీనికొక ఉపాయం పన్నాడు. గొట్టాన్ని పెట్టెలో మడతపెట్టి, గది మూలలో నిలబెట్టి, రెండు గోడల్నీ నేలనూ బాకాకి కొనసాగింపుగా వాడుకున్నాడు. 1946 నుంచి వస్తున్న ఆ క్లిప్ష్‌హార్న్ అలా చేసీ నాలుగడుగులు దాటిన ఎత్తు, దగ్గర దగ్గర వంద కిలోల బరువు. మిగతావాళ్ళు చాలామంది రాజీపడ్డారు: పైన బాకా, కింద మామూలు 12 లేక 15 అంగుళాల వూఫర్, అంటే కింది స్వరాల డ్రైవర్. రాజీ అంటే తక్కువ చేసి చెప్పడం కాదు, మా ఇంట్లో ఇప్పుడున్నవి అవే.

అంతకుముందు ఏమున్నాయంటే... 1999లో ఒక పాత సినిమా హాలు పడగొడుతున్నారని తెలిసి, తెర వెనకాల పెట్టెలు రెండు బేరమాడి ట్రాలీ ఆటోలో చిక్కడపల్లి తెచ్చాను. మా ముందుగది పదికి పదకొండు. అక్కడ వెనక వరుసకు వినిపించాల్సిన సరుకు ఇక్కడ నాకు ఆరడుగుల దూరంలో! గొంతు పైనుంచి, తబలా మోకాళ్ళ దగ్గర్నుంచి, వయొలిన్ ఇంకెక్కడినుంచో. ముగ్గురూ కలిసి పాడుతున్నట్టు లేదు, కచేరీకి విడివిడిగా ఆటోల్లో వస్తున్నట్టుంది. పెద్ద బాకాల్లో డ్రైవర్లు ఎడంగా ఉంటాయి, వాటి శబ్దాలు ఒకటయ్యేందుకు దూరం కావాలి. పై మెరుపూ లేదు. ఆ కాలం సినిమా డ్రైవర్లు చాలావరకు 10 వేల హెర్ట్జ్ దాటేసరికి నీరసిస్తాయి. మూడో రోజు మా ఆవిడ కాఫీ ఇస్తూ "ఎలక్షన్ ప్రచారం ఇంకెన్నాళ్ళండీ?" అంది. రెండు నెలలకి ఒక ఫంక్షన్ హాలువాళ్ళకి ఇచ్చేశాను, నష్టానికే.

కాబట్టి సార్, స్పీకర్ నుంచి మీ కుర్చీకి పదడుగులు రాకపోతే పెద్ద బాకాల జోలికి పోకండి. పదీ పన్నెండూ వస్తే, పైన బాకా, కింద 12 అంగుళాల వూఫర్ ఉండి 95 డెసిబెల్స్ చుట్టూ ఉన్న జత చూడండి. మీరు వినేది పద్యాలూ పాత పాటలూ అయితే గుండెలదిరే బేస్ లోటు మీకు తెలియదు. మీ అబ్బాయికి తెలుస్తుంది. అతని కోసం సబ్‌వూఫర్ తర్వాత ఆలోచించవచ్చు.

ప్రశ్న: అన్నా, గుజరాతీ గల్లీలో సెకండ్ హ్యాండ్ బాకా పెట్టెలు కొన్నా. పాట ఆపినా పైనుంచి 'స్స్...' మంటూనే ఉంది, కింద సన్నగా గూంజు కూడా. పైగా గొంతులు గీపెడుతున్నాయి. మోసపోయానా? టెన్షన్‌గా ఉంది. (కూకట్‌పల్లి)

జవాబు: తమ్ముడూ, టెన్షన్ పడకు. ఆ స్స్ నీ ఆంప్లిఫయర్‌ది. పాత స్పీకర్‌తోనూ ఉండేది, వినపడలేదు అంతే. బాకా నీ పాటనే కాదు, నీ ఆంప్లిఫయర్ గురకనూ అంతే శ్రద్ధగా పెంచి వినిపిస్తుంది. కొనేముందు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ముందు ఇన్‌పుట్ వైర్లన్నీ పీకెయ్యి. వాల్యూమ్ సున్నాలో ఉన్నా స్స్ అలాగే ఉంటే అది పవర్ స్టేజ్‌ది, అంటే ఆంప్లిఫయర్ చివరి దశది. వాల్యూమ్‌తో పెరుగుతుంటే ముందు దశలది. గూంజు పోయిందంటే అది ఎర్తింగ్ గొడవ. టీవీ సెట్‌టాప్ బాక్సు కేబుల్ మీద నాకు మొదటి అనుమానం, దాన్ని ఊడదీసి చూడు. గూంజు పోగొట్టడానికి ప్లగ్గు ఎర్త్ పిన్ను మాత్రం విరగ్గొట్టకు, షాక్ కొడుతుంది.

గీపెట్టడానికి కారణం వేరు. బాకా డ్రైవర్ ఎప్పుడూ కింది వూఫర్ కన్నా గట్టిది, దాన్ని తగ్గించాలి. పాత పెట్టెల్లో ఆ రెసిస్టర్లు కాలిపోయో, ఎవరో పీకేసో ఉంటారు. క్రాసోవర్ (వూఫర్‌కీ బాకాకీ స్వరాలు పంచే సర్క్యూట్) తర్వాత, 8 ఓమ్‌ల డ్రైవర్‌కి ముందు వరుసలో 5.6 ఓమ్, డ్రైవర్ రెండు కొసలకూ అడ్డంగా 3.9 ఓమ్ పెట్టు. రెండూ పది వాట్ల వైర్‌వౌండ్ రకం. పది డెసిబెల్స్ తగ్గుతుంది, దాంతోపాటు స్స్ కూడా. కోఠిలో వాటి ఖర్చు నీ ఆటో ఛార్జీ అంత కూడా ఉండదు. విప్పావు కాబట్టి, రెసిస్టర్లు తగిలించకముందే, వైర్లు ఊడదీసిన డ్రైవర్‌కి మల్టీమీటరు కూడా పెట్టి చూడు: 8 ఓమ్‌ల డ్రైవర్ 6 దగ్గర చూపించాలి, రెండు వైపులా ఇంచుమించు ఒకేలా. ఏమీ చూపించకపోతే కాయిల్ కాలింది, అప్పుడు మోసపోయినట్టే.

ప్రశ్న: మాస్టారుగారూ, మావారు మూలలో పెట్టే స్పీకర్లు కొంటానంటున్నారు. ఒక మూల దేవుడి మందిరం, ఇంకో మూల ఫ్రిజ్. గోడకి మధ్యలో పెడితే ఏం పోతుంది? (తిరుమలగిరి)

జవాబు: బేస్ పోతుందమ్మా. పైన మొదటి జవాబులో చెప్పినట్టు ఆ రకానికి మూలే సగం స్పీకర్. మధ్యలో పెడితే ఇంత డబ్బూ పోసి పలచటి చారు తాగినట్టుంటుంది. రెండు మూలలూ ఒకే గోడకు ఉండాలి, తలుపులు అడ్డం రాకూడదు. దేవుణ్ణి కదపమని నేను చెప్పలేను, ఫ్రిజ్‌ని కదపమని మీవారు చెప్పలేరు. మామూలు టవర్ స్పీకర్లు కొనమనండి. నా పేరు చెప్పినా పర్లేదు.

ప్రశ్న: తాతగారూ, ఫోన్‌ని స్టీలు గ్లాసులో పెడితే పాట గట్టిగా వస్తోంది. అదీ బాకాయేనా? (తొమ్మిదో తరగతి, సైదాబాద్)

జవాబు: సగం బాకా, బాబూ. గ్లాసు శబ్దాన్ని ఒకవైపు మళ్ళిస్తుంది, కానీ గొట్టంలా మెల్లగా విచ్చుకోదు. లోపలి గాలి తనకిష్టమైన స్వరం దగ్గర మోగి, దాన్నే పెంచుతుంది. పాట డబ్బాలోంచి వచ్చినట్టు ఉండేది అందుకే. చార్ట్ పేపరుని పొట్లంలా చుట్టి, సన్న కొస ఫోన్ స్పీకర్‌కి ఆనించి చూడు. తర్వాత వంటింట్లో నూనె పోసే గరాటుతో చూడు. మూడింట్లో ఏది బాగుందో, ఏది గట్టిగా ఉందో వేరువేరుగా రాసి పంపు, రెండూ ఒకటి కావు. గరాటు కడిగి మీ అమ్మగారికి ఇచ్చెయ్యి.