కర్రీ పాయింట్ కూర పాడైతే డబ్బు వెనక్కి అడగొచ్చా?

"విశాఖ మద్దిలపాలెంలో 160 రూపాయలు పెట్టి చికెన్ కూర పార్శిల్ తెచ్చుకున్నాం. ఇంటికొచ్చి విప్పితే వాసన. పారేశాం. ఇప్పుడు వెళ్లి డబ్బు అడిగితే ఇస్తారా, అనవసరంగా గొడవవుతుందా?" అని అడిగారు. అడగొచ్చండీ. కాకపోతే ఆ కూర పారేయకుండా ఉండాల్సింది.

పోయిన ఏడాది మే నెలలో మా ఆవిడ పిల్లల్ని తీసుకుని శ్రీకాకుళం పుట్టింటికి వెళ్లింది. ఆ నెలంతా అక్కయ్యపాలెంలో మా వీధి చివరి కర్రీ పాయింటే నాకు దిక్కు. ఒక రోజు రాత్రి ఎనిమిదిన్నరకి టమాటా పప్పు, బంగాళాదుంప వేపుడు తెచ్చుకున్నాను. రబ్బరు బ్యాండు తీసి పప్పు గిన్నెలో వంచేసరికి పైన సన్నటి నురుగు. టమాటా కదా, పులుపు మామూలేలే అనుకుని గరిటెతో లేపితే తీగలు సాగింది. ఇక నోట్లో పెట్టలేదు.

పప్పు 30 రూపాయలు. 30 రూపాయల కోసం వెళ్లాలా అని ఓ పది నిమిషాలు నాలో నేనే తన్నుకున్నాను. చివరికి గిన్నె మీద మూత పెట్టి, అలాగే పట్టుకుని వెళ్లాను. అక్కడ ఇద్దరు కుర్రాళ్లు అదే పప్పు కట్టించుకుంటున్నారు. వాళ్ల ముందు అరిస్తే కర్రీ పాయింట్ నడిపే ఆవిడ పరువు పోతుంది, పరువు పోయాక ఎవరూ తప్పు ఒప్పుకోరు. అందుకని కొంచెం పక్కకి వెళ్లి, "అక్కా, ఈ పప్పు ఒకసారి చూడు" అన్నాను.

"ఏటి బాబూ, టమాటా పప్పు పుల్లగా ఉండదా ఏటి?" అంది.

నేను వాదించలేదు. గిన్నె చేతికిచ్చాను. ఆవిడ అరచేతిలో ఒక చుక్క వేసుకుని నాకింది. ముఖం మారిపోయింది. ముందు ఆ కుర్రాళ్ల చేతిలో పొట్లం వెనక్కి తీసుకుంది, పప్పు డేగిశా బల్ల కింద పెట్టేసింది, ఆ తర్వాత నా వైపు తిరిగి "సాంబారు పట్టుకెళ్తావా?" అంది. అది కూడా పొద్దుటిదేనేమో అని నాకు భయం. "వద్దక్కా, డబ్బులిచ్చెయ్" అన్నాను. మూడు పది నోట్లు ఇచ్చింది. గొడవేం లేదు.

నిజానికి ఆవిడ మోసం చేసిందని నేను అనుకోను. మన ఊళ్లో ఎండాకాలం ఉక్కపోత మీకు తెలియంది కాదు. పొద్దున పదకొండుకి వండిన పప్పు కింద మంట లేకుండా రాత్రి దాకా ఉంటే ఏమవుతుంది? 60 డిగ్రీల పైన వేడిగా ఉంచితే సూక్ష్మజీవులు పెరగవు. గోరువెచ్చగా వదిలేస్తే వాటికి పండగే. పప్పు, కొబ్బరి వేసినవి ముందు పోతాయి.

ఒకసారి నేను తప్పు అడుగు కూడా వేశాను. ద్వారకానగర్‌లో ఒక చోట బిర్యానీ తింటూ బాగాలేదు, ఉప్పెక్కువైంది అని గొణుక్కుంటూనే ముప్పావు ప్లేటు లాగించి, బిల్లు దగ్గర డబ్బు తగ్గించమన్నాను. క్యాషియరు నవ్వి "మరి ప్లేటు ఖాళీ చేశారేంటండీ?" అన్నాడు. సమాధానం లేదు. నచ్చకపోవడం వేరు, పాడైపోవడం వేరు. నచ్చకపోతే రెండో ముద్దకే చెప్పాలి, అప్పుడు కూడా ఇవ్వడం వాళ్ల మంచితనమే.

ఇంకోచోట మాత్రం న్యాయం నా వైపున్నా డబ్బు రాలేదు. అరకిలో పాలకోవా కొని గాజువాకలో మా పిన్ని గారింటికి పట్టుకెళ్లాను. మర్నాడు పొద్దున అక్కడ డబ్బా తెరిస్తే అడుగున పచ్చటి బూజు. పిన్ని ఏమీ అనలేదు, అదే ఎక్కువ సిగ్గు. షాపుకెళ్తే కుర్రాడు "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు చూపించాడు. పాడైన సరుకు విషయంలో ఆ బోర్డు చెల్లదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం లోపమున్న వస్తువు వెనక్కి తీసుకోకపోవడం, బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో డబ్బు ఇవ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి కిందకే వస్తుంది. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. రెండుసార్లు తిరిగి, మూడోసారి వెళ్లే ఓపిక లేక వదిలేశాను.

ఇప్పుడు మీ సంగతి. కూర లేదు కాబట్టి డబ్బు గట్టిగా అడగడం కష్టం. అయినా ఇవాళ జనం లేని వేళ చూసి వెళ్లండి. ఫోన్లో డబ్బు కట్టిన వివరం చూపించి, ఎన్నింటికి కొన్నారో చెప్పండి. అదే డేగిశాలోంచి కొన్నవాళ్లు ఇంకెవరైనా వచ్చి చెప్పి ఉంటే ఓనరే ఇచ్చేస్తాడు. దురుసుగా మాట్లాడితే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే చెప్పొచ్చు. బిల్లు ఉంటే దాని మీద 14 అంకెల ఫుడ్ లైసెన్స్ నంబరు ఉందేమో చూసి అది కూడా చెప్పండి. ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు మొదలైతే మాత్రం 160 సంగతి తర్వాత, ముందు డాక్టరు దగ్గరికి వెళ్లి ఆయన రాసిచ్చిన చీటీ దాచుకోండి.