అబ్బాయిని ‘మార్చే’ చికిత్సకు తీసుకెళ్లాలా?

ప్రశ్న: మా అబ్బాయికి 23 ఏళ్లు. తనకు అబ్బాయిలంటేనే ఇష్టమని, సంబంధాలు చూడొద్దని చెప్పాడు. నయం చేసే డాక్టరున్నాడని మా ఆడపడుచు అంటోంది. కెనడాలో ఉన్న మా తమ్ముడేమో అక్కడ అలాంటి చికిత్స నేరమంటున్నాడు. ‘మన బిడ్డ విషయంలో చట్టానికేం పని?’ అని మావారి కోపం. ఏం చేయమంటారు? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ఆ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లకండి. ఇది జబ్బు కాదు, నయం చేయడానికి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసింది. హిప్నాటిజం, కరెంటు షాకులు, హార్మోన్ ఇంజెక్షన్లు, దెయ్యం వదిలించడాలు... వీటితో ఎవరి ఇష్టమూ మారదు. తన మీద తనకే అసహ్యం పుడుతుంది, చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తాయి. నన్ను భయపెట్టేది అదే.

మీవారి కోపం నాకు అర్థమవుతుంది. న్యూజిలాండ్‌లో ఇలాంటి చికిత్సలను నిషేధించే బిల్లు వచ్చినప్పుడు పార్లమెంటుకు లక్షకు పైగా అభిప్రాయాలు అందాయి. ఇంట్లో పిల్లలతో మాట్లాడినా కేసేనా అని అక్కడి తల్లిదండ్రులూ కంగారుపడ్డారు. చివరికి 2022లో 112–8 ఓట్లతో చట్టమైంది. మాట్లాడటాన్నీ, మన నమ్మకం మనం చెప్పుకోవడాన్నీ అది ఆపదు. మార్చి తీరాలని చేసే ప్రయత్నాలనే ఆపుతుంది. కెనడాలో అదే ఏడాది జనవరి నుంచి ఇలాంటి చికిత్స నేరం. మీ తమ్ముడు చెప్పింది నిజమే.

మన దగ్గర ప్రత్యేక చట్టం లేదు. అలాగని ఆ డాక్టరును అడిగేవాళ్లే లేరనుకోకండి. ఇలాంటి చికిత్సలు చేసేవాళ్ల మీద చర్య తీసుకోవాలని, లైసెన్సు కూడా రద్దు చేయవచ్చని మద్రాసు హైకోర్టు 2021లో చెప్పింది. మరుసటి ఏడాది, దేశంలో వైద్య వృత్తిని నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్ దీన్ని వృత్తిపరమైన దుష్ప్రవర్తన అంది. సమాజం కట్టుబాట్లకు భిన్నంగా ఉన్నాడని ఎవరినీ మానసిక రోగి అనకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉంది. మీవారికి ఇవి చూపించండి.

పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయని కూడా ఎవరో ఒకరు అంటారు. వినకండి. ఏమీ తెలియని ఒక ఆడపిల్ల జీవితం అందులో నలిగిపోతుంది.

ఈ రాత్రే అబ్బాయితో, ‘నిన్ను ఎక్కడికీ తీసుకెళ్లం, సంబంధాలు చూడం’ అని మీ నోటితో చెప్పండి. ఆ భయంతోనే రోజులు గడుపుతుంటాడు. సరిగా తినకపోయినా, నిద్రపోకపోయినా, బతకాలని లేదన్నా మాత్రం ఆలస్యం చేయొద్దు. సైకియాట్రిస్టును కలవండి. అపాయింట్‌మెంట్ తీసుకునే ముందే ఫోన్లో అడగండి: ‘మావాడి దిగులు తగ్గాలి, వాణ్ని మార్చక్కర్లేదు. మీరు చూస్తారా?’ నీళ్లు నమిలితే ఇంకొకరికి చేయండి.