ఖాజాల షాపుకి బీటెక్ అమ్మాయి ఎందుకు?

ప్రశ్న: మాది మండపేట దగ్గర పల్లె. మా నాన్నగారు తోపుడుబండి మీద ఖాజాలు అమ్మేవారు. ఇప్పుడు అన్నదమ్ములిద్దరం కలిసి స్వీట్లు, జంతికలు, మిక్చర్ చేయించి మూడు షాపుల్లో అమ్ముతున్నాం. పాతికమంది పనివాళ్లున్నారు. హైదరాబాద్ నుంచి ఆర్డర్లు వస్తున్నాయి గానీ, పంపిన జంతికలు మెత్తబడ్డాయనీ నూనె వాసన కొడుతున్నాయనీ వెనక్కి పంపుతున్నారు. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడు. ఫుడ్ టెక్నాలజీ చదివి వ్యాపారంలోకి వస్తానంటోంది. మూకుడు దగ్గర నిలబడటానికి బీటెక్ ఎందుకు, కంప్యూటర్స్ తీసుకోమంటున్నాను. మా అన్నయ్య కొడుకు ఇప్పటికే గల్లాపెట్టె చూసుకుంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మూకుడు దగ్గర నిలబడటానికి బీటెక్ అక్కర్లేదండీ, నిజమే. మీ మాస్టరు పాకాన్ని రెండు వేళ్ల మధ్య సాగదీసి, తీగ వచ్చిందో లేదో చెప్పేస్తాడు. చిక్కల్లా ఆ వేళ్లు ఒక్కడికే ఉండటం. మూడు షాపులకు ఆయన చెయ్యి చాలుతుంది, ముప్ఫైకి చాలదు. ఆయనకు జ్వరమొచ్చిన రోజు ఖాజా రుచి మారిపోతోందంటే మీ వ్యాపారం ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

మీ సరుకు వెనక్కి వస్తున్నది రుచి లేక కాదు. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ. చల్లారబెట్టిన జంతిక కవరులోకి వెళ్లేలోపే ఆ తేమ పీల్చుకుంటుంది. పోనీ వేడిమీదే కవరులో వేసి మూతి అతికిస్తే ఆవిరి లోపలే నీరవుతుంది. ఇక నూనె. అదే నూనె పదేపదే మరిగితే అందులో పాడైన పదార్థాలు పేరుకుంటాయి. వీటిని టోటల్ పోలార్ కాంపౌండ్స్ అంటారు. ఇవి 25 శాతం దాటిన నూనె వాడకూడదన్న ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నిబంధన 2018 జులై నుంచి అమల్లో ఉంది. పెద్ద కంపెనీలు ప్యాకెట్లో గాలి తీసి నైట్రోజన్ నింపేది చిప్స్ నలగకుండా మాత్రమే కాదు, ఆక్సిజన్ తగిలి నూనె వాసన రాకుండా కూడా. ఖాజాది ఇంకో తంటా. పొరల మధ్య రసమే దాని ప్రాణం, పొర మెత్తబడేదీ ఆ రసం వల్లే. రసం తగ్గకుండా నిలవ రోజులు ఎలా పెంచాలన్నది మీ అమ్మాయి నాలుగేళ్లు కూర్చుని తేల్చుకోదగ్గ ప్రశ్నే.

కాలేజీల సంగతి. బాపట్లలో ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ఫుడ్ సైన్స్ కాలేజీ ఉంది. కాకినాడ జేఎన్‌టీయూలోనూ ఫుడ్ టెక్నాలజీ ఉంది, అది మీకు దగ్గర కూడా. జేఈఈ మెయిన్‌లో మంచి ర్యాంకు వస్తే హర్యానాలోని కుండ్లీ, తమిళనాడులోని తంజావూరు నిఫ్టెమ్‌లు (కేంద్ర ప్రభుత్వ ఫుడ్ టెక్నాలజీ సంస్థలు) చూడండి. తర్వాత పీజీ చేస్తానంటే మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐ ఉండనే ఉంది, ఆహార సాంకేతికతపై పరిశోధన చేసే 1950 నాటి కేంద్ర సంస్థ. ప్రైవేటు కాలేజీ అయితే బోర్డు చూసి మోసపోకండి. సరుకు తయారుచేసి చూసే పైలట్ ప్లాంట్ ఉందా, అది నడుస్తోందా, స్వయంగా వెళ్లి చూసి చేర్చండి.

చదువు అవగానే మాత్రం ఆమెను మీ షాపుకి రానివ్వకండి. రెండేళ్లు పరాయి ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలోనో, ఉత్పత్తి విభాగంలోనో పనిచేయాలి. మీ దగ్గర ఆమె ఓనరుగారి అమ్మాయి. తప్పు చేసినా మాస్టరు నవ్వి ఊరుకుంటాడు. అక్కడైతే రాత్రి షిఫ్టులో బ్యాచ్ పాడైతే సంజాయిషీ రాయాలి. జీతం మొదట్లో సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితురాలికంటే తక్కువే రావచ్చు. ఇది ముందే చెప్పి ఉంచండి.

మీరు ఒక్క ముక్కలో దాటేసిన సంగతి ఇంకోటుంది, మీ అన్నయ్యగారబ్బాయి. నాకు కాలేజీ కన్నా ఇదే పెద్ద విషయంగా కనిపిస్తోంది. మిక్చర్, స్వీట్ల కంపెనీ హల్దీరామ్‌నే చూడండి. 1937లో బికనీర్‌లో చిన్న కొట్టుగా మొదలై, తరాలు మారేసరికి కోల్‌కతా, నాగపూర్, ఢిల్లీ శాఖలుగా విడిపోయింది. ఢిల్లీ వాళ్లూ కోల్‌కతా వాళ్లూ పేరు ఎవరిదని ఏళ్లతరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. ఢిల్లీ, నాగపూర్ వారి ప్యాకెట్ సరుకుల వ్యాపారం మళ్లీ ఒక్కటైంది 2025లోనే. మీది మూడు షాపులే కాబట్టి మాట్లాడుకోవడం ఇప్పుడే తేలిక. పేరు ఎవరిది, ఎవరి వాటా ఎంత, ఆడపిల్ల పెళ్లయి వెళ్లినా వాటా ఉంటుందా, ఇవన్నీ భాగస్వామ్య పత్రంలో రాయించండి. పెళ్లికాని ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు మన రాష్ట్రంలో 1985లోనే వచ్చింది. గల్లాపెట్టె వెనక కుర్చీ మాత్రం చాలా ఇళ్లలో ఇంకా రాలేదు! అబ్బాయి అమ్మకాలు, లెక్కలు చూసుకుంటే, అమ్మాయి తయారీ చూసుకోవచ్చు. ఇద్దరికీ పని సరిపోతుంది.

ఈలోగా ఆమె చేత ఒక చిన్న పరీక్ష చేయించండి. ఒకే రోజు వేయించిన జంతికలను ఇరవై ప్యాకెట్లు కట్టించండి. సగం మామూలు కవర్లలో, సగం మందపాటి వెండిరంగు లామినేటెడ్ కవర్లలో. వారానికి రెండు రకాల్లోనూ ఒక్కోటి విప్పి, కరకర, వాసన, రుచి ఎలా ఉన్నాయో తేదీ వేసి నోటుబుక్కులో రాయమనండి. ఏ వారం ఏ కవరు పాడైందో తెలిసిన రోజున ఆ పుస్తకాన్ని మీ మాస్టరుకీ, అన్నయ్యగారికీ చూపించి, సీటు సంగతి అప్పుడు మాట్లాడుకోండి.