యోకోచోలో కెమెరా

చి. స్వాతికి,

మావయ్య ఆశీస్సులు. టోక్యోలో షింజుకు స్టేషన్ పక్కన ఓమోయిదే యోకోచోలో, అదే ఆ తిండి కొట్ల ఇరుకు సందులో, నువ్వు తీసిన ఫొటోలు చూశాను. ఎర్ర లాంతర్లు, పొగ, తడి నేల, అన్నీ బాగానే కుదిరాయి. కానీ ప్రతి ఫొటోలోనూ మనుషుల వీపులే ఉన్నాయి. అంటే నువ్వు సందులో అటూ ఇటూ తిరిగావే తప్ప ఒక్క కొట్లోనూ కూర్చోలేదన్నమాట. ఆ సందుల్లో ముందు తినాలి, తర్వాతే కెమెరా తీయాలి.

ఆ కొట్లు ఎంతుంటాయో చూశావుగా. ఒక కౌంటరు, దాని ముందు ఏడెనిమిది స్టూళ్లు, అంతే. ఆఫీసు నుంచి వచ్చి టై వదులు చేసుకుని కూర్చున్నవాడికి అది ఇంటి వసారా లాంటిది. గుమ్మంలోంచి లెన్సు దూరిస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. సాయంత్రం కొట్టు తెరవగానే, రద్దీ మొదలవకముందే వెళ్లు. నిప్పుల పొయ్యికి దగ్గరగా ఉన్న స్టూలు అడుగు. తాగవు కాబట్టి ఊలాంగ్ టీ చెప్పు, తప్పేం లేదు. మాంసం వద్దనుకుంటే షీటాకే పుట్టగొడుగులు, పచ్చి మిరపకాయలు కూడా పుల్లకు గుచ్చి కాలుస్తారు. అడక్కుండానే చిన్న గిన్నెలో ఏదో పెడతారు, అది బిల్లులో పడుతుంది. దాని గురించి వాదన పెట్టుకోకు.

రెండోసారి ఏదైనా ఆర్డర్ చేశాక కెమెరా చూపించి "షాషిన్ తొత్తెమో ఈ దెస్ కా" (ఫొటో తీసుకోవచ్చా) అని అడుగు. చేతులు అడ్డంగా కత్తెరలా పెట్టినా, ముక్కు ముందు అరచెయ్యి ఊపినా వద్దని అర్థం. నవ్వుతూ ఊపినా సరే, వద్దనే. సరేనంటే మొహాల జోలికి పోకుండా చేతులతో మొదలుపెట్టు. కాల్చేవాడు ఒక చేత్తో పుల్లలు తిప్పుతూ రెండో చేత్తో బొగ్గుల మీద విసురుతుంటాడు. పుల్లని సాస్ కుండలో ముంచి మళ్లీ నిప్పు మీద పెట్టగానే పొగ గుప్పుమంటుంది. అప్పుడే నొక్కకు. ఆ పొగ పైకి లేచి బల్బు వెలుతురులోకి రానీ, అప్పుడు నొక్కు.

లాంతర్లు మరీ తెల్లగా మాడిపోతున్నాయి, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించు. వెలుతురు చాలకపోతే ఐఎస్ఓ 3200 పెట్టడానికి భయపడకు, ఆ సందులో ఫొటోకి కాస్త గ్రెయిన్, అంటే గరుకుదనం, అందమే. 35 ఎంఎం లెన్సు చాలు. జూమ్ లెన్సు చూస్తే దొంగచాటుగా తీస్తున్నావనుకుంటారు.

ఇంకోటి, నీ ఫొటోల్లో రెండింటిలో అడ్డంగా చారలు పడ్డాయి. సైలెంట్ షట్టర్ వాడి ఉంటావు, ట్యూబులైట్లు, ఎల్ఈడీల కింద అలాగే అవుతుంది. మెకానికల్ షట్టర్‌తో 1/50 గానీ 1/100 గానీ పెట్టు. ఆ లైట్లు కరెంటుతో పాటే మినుకుమంటాయి, షట్టర్ దానికి సరిపోవాలి. టోక్యో కరెంటు మన దగ్గరలాగే 50 హెర్ట్జ్. ఒసాకా వెళ్తే మాత్రం 60, అక్కడ 1/60 లేదా 1/125కి మార్చుకో. 19వ శతాబ్దం చివర్లో టోక్యో వాళ్లు జర్మనీ జనరేటర్లు, ఒసాకా వాళ్లు అమెరికా జనరేటర్లు కొన్న పుణ్యం, ఒకే దేశంలో ఇప్పటికీ రెండు రకాల కరెంటు!

ఓమోయిదే యోకోచో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కాలిన నేల మీద వెలసిన బ్లాక్ మార్కెట్టు. పిండి మీద ప్రభుత్వ కంట్రోలు ఉండటంతో, కంట్రోలు లేని పేగులూ కాలేయమూ కాల్చి అమ్మారు. ఇప్పటికీ ఆ పుల్లలు దొరుకుతాయి. 1999లో మంటలొచ్చి కొంత భాగం కాలిపోయింది, మళ్లీ కట్టుకున్నారు. ఇదంతా తెలిస్తే ఆ మసిపట్టిన గోడలనీ, వైర్ల చిక్కులనీ పాతబడిన సెట్టింగులా చూడవు.

షింజుకులోనే చిన్న చిన్న బార్లుండే గోల్డెన్ గాయ్‌లో జాగ్రత్త. ఆ సందులు ప్రైవేటు స్థలం, ఫొటోల గురించి బోర్డులుంటాయి, చదువు. కొన్ని బార్లలో కూర్చున్నందుకే డబ్బు తీసుకుంటారు, లోపలికి వెళ్లేముందు తలుపు మీద రేటు చూడు. ఆ పక్కనే బార్లు, క్లబ్బులుండే కబుకిచో పేటలో రోడ్డు మీద "రండి రండి" అని వెంటపడేవాళ్లతో మాత్రం అడుగు కూడా వెయ్యకు. క్యోటోలో గియోన్ ప్రైవేటు సందుల్లో ఫొటోలు నిషేధం, 10,000 యెన్లు కట్టాలని బోర్డు పెట్టారు. మైకో అమ్మాయిల (గైషా విద్య నేర్చుకునేవాళ్ల) వెంట పరిగెత్తే టూరిస్టుల వల్లే ఈ గతి పట్టింది.

మనిషి అనుమతి లేకుండా మొహం ఫొటో తీయకూడదన్న హక్కుని 1969లోనే జపాన్ సుప్రీంకోర్టు గుర్తించింది. కోర్టుల దాకా పోదులే గానీ, పోస్టు చేసేముందు ఆలోచించు. ఆ పక్క స్టూలు మీదున్నాయన ఎవరితో వచ్చాడో నీకేం తెలుసు?

ఒసాకా వెళ్తే హోజెన్‌జి గుడి పక్కనున్న హోజెన్‌జి యోకోచో సందు వదలకు, వాన పడే రోజైతే మరీ మంచిది. రాతి పలకలు తడిసి లాంతర్లని రెండింతలు చేస్తాయి. అక్కడ గుళ్లో ఫుదో దేవుడి విగ్రహం మీద జనం నీళ్లు పోసి పోసి ఒంటినిండా నాచు పట్టింది. మొక్కేవాళ్లకి అడ్డం రాకుండా పక్కనుంచి గరిటె, పోసే చెయ్యి తియ్యి.

ఒరిజినల్స్ నాకు మెయిల్ చెయ్యి. మీ అమ్మకి వాట్సాప్‌లో పంపే వాటిలో మాత్రం పక్కవాళ్ల బీరు గ్లాసులు పడకుండా చూసుకో, లేకపోతే ఫోన్ నాకొస్తుంది.

మీ మావయ్య