ఊర్ పలకల్లో యుద్ధఖైదీలు కనిపించట్లేదా?

పురాతన మెసొపొటేమియాలో (నేటి ఇరాక్) ఊర్ రాజ్యపు మట్టి పలకల్లో, పనివాళ్లకు ఇచ్చిన ధాన్యం లెక్కలు రాసిన రేషన్ పలకల్లో మీరు ‘బానిస’ అన్న మాట వెతుకుతున్నారు, అందుకే యుద్ధఖైదీలు దొరకడం లేదు. ఊర్ మూడో వంశపు కాలంలో (సుమారు క్రీ.పూ. 2112–2004) ఖైదీలను పనులకు పంచేశాక వాళ్లు మామూలు పనివాళ్ల లెక్కలో కలిసిపోతారు.

1. దండయాత్ర జరిగిన ఏడాది పట్టుకోండి. అప్పట్లో ఏళ్లకు అంకెలు కాదు, పేర్లు పెట్టేవారు; చాలా ఏళ్లకు ఆ యుద్ధాల పేర్లే ఉంటాయి.

2. అందరూ వదిలేసేది ఇదే: ఆ కాలపు పలకల్లో తల్లులు, పిల్లలు మాత్రమే ఉన్న జాబితాలు విడిగా తీయండి. ఉమ్మా నగరపు పలకల్లో అలాంటి ఖైదీల జాబితాలు ఉన్నాయి. చనిపోయినవాళ్లనూ అందులోనే రాశారు, చదువుతుంటే కడుపు తరుక్కుపోతుంది. మరి మగవాళ్లు? పట్టుబడ్డ యువకుల కళ్లు పోగొట్టి తోటపనికి, ఆడవాళ్లను నేతశాలలకు పంపానని ఆ వంశపు రాజు షూ-సిన్ శాసనమే చెబుతోంది.

3. నెలకు మగవాడికి 60, ఆడమనిషికి 30 లీటర్ల బార్లీ అన్న కొలత చూసి బానిస అని తేల్చకండి. బానిసలు కాని పనివాళ్లకూ అదే కొలత ఇచ్చేవారు.