రోజూ తొక్కే చక్రాలకి ఎంత పెట్టాలి?

ప్రశ్న: నా వయసు 36. ఉద్యోగం చేస్తున్నాను. ఇంట్లో భార్య, స్కూలుకెళ్లే పాప ఉన్నారు. రోడ్ బైక్ మీద వారానికి 200 కిలోమీటర్ల దాకా ప్రాక్టీస్ చేస్తాను. రేసులకి విడిగా కార్బన్ చక్రాలున్నాయి. రోజూ తొక్కేది మాత్రం బైక్‌తో పాటు వచ్చిన ఫ్యాక్టరీ చక్రాల మీదే. రిమ్ బ్రేకులు, ఇప్పటికి 14,000 కిలోమీటర్లు తిరిగాయి. ఈ ఆరు నెలల్లో వెనక చక్రంలో మూడు స్పోక్స్ తెగాయి. ఆ కంపెనీ స్పోకే కావాలట, తెప్పించడానికి ప్రతిసారీ మూడు వారాలు పడుతోంది. వెనక రిమ్ మీద అరుగుదల చూపించే చుక్క దాదాపు మాయమైంది, ముందుది ఇంకా కనిపిస్తోంది. నేను, బైక్ కలిపి 90 కిలోలు. అలాంటి ఫ్యాక్టరీ జతే మళ్లీ కొంటే నెల జీతంలో 16 శాతం అవుతుంది. మంచి హబ్ (చక్రం మధ్యలో ఇరుసు చుట్టూ తిరిగే భాగం), రిమ్ తీసుకుని మెకానిక్‌తో కట్టించుకుంటే 25 శాతం. లేదంటే పాత కార్బన్ చక్రాలను రోజువారీకి దింపి, కొత్త కార్బన్ జతను 12 వాయిదాల్లో తీసుకోవచ్చు, అది 90 శాతం. చక్రాల కోసం నెల జీతంలో 15 శాతం దాచాను. సైక్లింగ్‌కి నెలనెలా 4 శాతం పక్కన పెడతాను. క్రెడిట్ కార్డు బాకీ నెల జీతంలో 40 శాతం ఉంది. ఎమర్జెన్సీ ఫండ్ రెండు నెలల ఖర్చులకి వస్తుంది. నాలుగు నెలల్లో ఒక నెల జీతమంత బోనస్ రావాలి. ఏం చేయమంటారు?

జవాబు: ముందు వెనక చక్రం సంగతి తేల్చుకోండి, ఎందుకంటే అది డబ్బు కంటే పెద్ద విషయం. రిమ్ బ్రేకులున్న బైక్‌లో బ్రేక్ వేసిన ప్రతిసారీ రిమ్ గోడ కొంచెం కొంచెం అరుగుతుంది. చుక్క మాయమైందంటే ఆ గోడ పలచబడిపోయిందని అర్థం. లోపల టైరు గాలి బయటికి నెడుతూనే ఉంటుంది. పలచబడిన గోడ ఏదో ఒకరోజు, చాలాసార్లు గట్టిగా బ్రేక్ పట్టినప్పుడే, విచ్చుకుపోతుంది. కాబట్టి ఈ చక్రానికి ఇంకో స్పోక్ తెప్పించి వేయించే ఆలోచన మానుకోండి. ఆ రిమ్ ఆయుష్షు అయిపోయింది. కొత్తది వచ్చేదాకా దాని మీద రోడ్డెక్కకండి.

స్పోక్స్ వరసగా తెగడం కూడా మీ దురదృష్టం కాదు. వెనక చక్రంలో గేర్ల వైపు స్పోక్స్ బాగా బిగువుగా ఉంటాయి. అవతలి వైపువి దాదాపు సగం బిగువుతోనే ఉంటాయి. చక్రం తిరిగిన ప్రతిసారీ నేలకి దగ్గరగా వచ్చిన స్పోక్ మీద బిగువు తగ్గి, పైకి వెళ్లగానే మళ్లీ పెరుగుతుంది. లక్షలసార్లు ఇలా జరిగి ఉక్కు అలసిపోతుంది. 24 స్పోక్స్ లేదా ఇంకా తక్కువున్న చక్రం మీద 90 కిలోలు పడితే ఒక్కో స్పోక్ వాటా ఎక్కువవుతుంది, ఆ అలసట తొందరగా వస్తుంది. ఒకటి తెగిందంటే పక్కవాటి వయసూ అంతే. మూడోది తెగాక ఒక్కో స్పోక్‌కీ ఖర్చు పెట్టడం చేజేతులా డబ్బు పారేసుకోవడమే.

ఇక మూడు దారులు. కార్బన్ దారిని సూటిగా కొట్టేస్తున్నాను. అరిగిపోయే వస్తువుని అప్పు మీద కొనకూడదు. వాయిదాలు కడుతుండగానే దాని విలువ పడిపోతుంది. వడ్డీ లేని వాయిదాలని చెప్పినా, రొక్కం ఇస్తే దొరికే తగ్గింపు అందులో పోతుంది, పైగా ప్రాసెసింగ్ ఫీజు పడొచ్చు. ఇప్పుడున్న కార్బన్ జతను రోజువారీకి దింపడం కూడా నాకు నచ్చలేదు. రిమ్ బ్రేకుతో కార్బన్ రిమ్ మీద దుమ్ము, వాన నీళ్లు, ఇసుక కలిసి రుద్దుకుంటుంటే, మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే ఖరీదైన వస్తువుని అన్నిటికంటే మోటు పనికి వాడినట్టు.

"ప్రాక్టీస్‌కైనా తేలిక చక్రాలుంటే బాగుంటుంది కదా" అని మనసు లాగుతుందని తెలుసు. లెక్క చూడండి. చక్రాల జతలో 450 గ్రాముల తేడా అంటే మీ 90 కిలోల్లో అర శాతం. గంటసేపు పట్టే నిట్టనిలువు ఎక్కుడులో దాని విలువ సుమారు 18 సెకన్లు. రేసులో ఆ 18 సెకన్లకి అర్థముంది. ప్రాక్టీస్‌లో మీ కాళ్లు చేసే పని ముఖ్యం, గడియారం కాదు.

మిగిలినవి రెండు. ఇక్కడ చాలామంది "చేతితో కట్టించినదే చివరికి చవక" అని తేల్చేస్తారు. అంత తేలిక కాదు. నెల జీతంలో ఒక శాతాన్ని ఒక యూనిట్ అనుకుందాం. మీరు ఏడాదికి 10,000 కిలోమీటర్లు తొక్కుతారు, మీ వాడకంలో రిమ్ 15,000 దాకా వస్తుంది. ఫ్యాక్టరీ జతలో రిమ్ విడిగా దొరకడం కష్టం కాబట్టి, రిమ్ అరిగితే జత మొత్తం పోయినట్టే. 45,000 కిలోమీటర్లకి మూడు జతలు, 48 యూనిట్లు. చేతితో కట్టిన దానిలో హబ్, స్పోక్స్ ఉంచి రిమ్ మాత్రం మార్చుకోవచ్చు. రెండు రిమ్‌లు, కూలీ కలిపి ఒక్కోసారి 8 యూనిట్లు అనుకుంటే, 25కి రెండుసార్ల 16 కలిపి 41. నాలుగున్నరేళ్లలో మిగిలేది 7 యూనిట్లు. మిగులే గానీ, దానికోసమే తొందరపడేంత కాదు.

అయినా నా సలహా చేతితో కట్టించుకోమనే. మామూలు స్పోక్ తెగితే అది చాలాచోట్ల సైకిల్ మెకానిక్ దగ్గరే దొరుకుతుంది, బెండ్ తీసి అదే రోజు ఇచ్చేస్తాడు. మీకిప్పుడు ప్రతి తెగుడుకీ మూడు వారాల ప్రాక్టీస్ పోతోంది. మన్నిక అంటే ఎప్పటికీ విరగకపోవడమని నేననుకోను. విరిగిన ముక్క ఒక్కటీ విడిగా, వెంటనే, తక్కువ ఖర్చుతో దొరకాలి. పైగా ఖర్చు 16 యూనిట్ల పెద్ద దెబ్బగా కాకుండా చిన్న చిన్న ముక్కల్లో వస్తుంది. నెల జీతం మీద బతికేవాళ్లకి అది మొత్తం ఖర్చు తగ్గడమంత మేలు చేస్తుంది.

ఒక్క సందర్భంలో మాత్రం నా జవాబు మారుతుంది. ఈ బైక్ మీ దగ్గర ఎన్నాళ్లుంటుంది? ఇప్పుడొచ్చే రోడ్ బైక్‌లు చాలావరకు డిస్క్ బ్రేకులవే. రిమ్ బ్రేకు చక్రాలు వాటికి పనికిరావు, ఇరుసు కూడా వేరు. ఏడాదిన్నర లోపు బైక్ మార్చే ఉద్దేశం ఉంటే 16 యూనిట్ల ఫ్యాక్టరీ జత కొనుక్కుని దాన్నే అరగదీయండి. రెండు, మూడేళ్లయితే రెండు దారులూ దాదాపు సమానం (32, 33). అంతకు మించితేనే కట్టించుకోవడం లాభం. ఈ నిర్ణయం మీ భార్యతో కూడా మాట్లాడి తీసుకోండి, కొత్త బైక్ చిన్న ఖర్చు కాదు.

బైక్ ఉంటుందనుకుని డబ్బు సర్దుబాటు చెబుతాను. చక్రాలను జతగానే కొనాలన్న నియమమేం లేదు. శరీరం బరువులో ఎక్కువ పాలు పడేది వెనక చక్రం మీదే, తెగేదీ అదే. ఇప్పుడు వెనక చక్రం ఒక్కటే కట్టించండి. 25 యూనిట్లలో దాని వాటా 14 దాకా ఉంటుంది. మీరు దాచిన 15లో సరిపోతుంది. ఉన్న గేర్ల క్యాసెట్, టైరు దీనికే మారతాయి కాబట్టి అదనపు ఖర్చు లేదు.

"ఆ 15 కార్డు బాకీకి కట్టాలి కదా" అని మీరు అడగొచ్చు. అడగాలి కూడా. కార్డు వడ్డీ నెలకి 3 శాతం అనుకుంటే చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది. బోనస్ వచ్చేదాకా నాలుగు నెలలు 14 యూనిట్లు కార్డుకి కట్టకపోతే పడే అదనపు వడ్డీ ఒకటిన్నర నుంచి రెండు యూనిట్లు. వెనక చక్రం భద్రతకి సంబంధించింది కాబట్టి ఆ మేరకు ఒప్పుకుంటాను. ముందు చక్రానికి ఒప్పుకోను, దాని చుక్క ఇంకా కనిపిస్తోంది. కాబట్టి మిగిలిన ఒక యూనిట్‌నీ, వచ్చే నాలుగు నెలల 4 శాతాన్నీ కార్డుకే పంపండి. బోనస్ రాగానే కార్డు బాకీ సున్నా చేసి, మిగిలింది మొత్తం ఎమర్జెన్సీ ఫండ్‌లో వేయండి. పాప ఉన్న ఇంట్లో రెండు నెలల నిధి చాలదు, ఆరు నెలలకి తీసుకెళ్లాలి. ఆ తర్వాతి మూడు నెలల్లో సైక్లింగ్ వాటాతో 12 యూనిట్లు పోగవుతాయి, ముందు చక్రం వచ్చేస్తుంది. అప్పటి నుంచి నెలకి అర యూనిట్ "రిమ్ డబ్బు" అని విడిగా పెట్టండి. అరిగిపోయే రోజుకి డబ్బు రెడీగా ఉంటుంది.

కట్టించేటప్పుడు ఏం అడగాలో కూడా చెప్పనివ్వండి, 25 యూనిట్లు సార్థకమయ్యేది ఇక్కడే. వెనక 32 స్పోక్స్, ముందు 28. మధ్యలో సన్నగా ఉండే స్పోక్స్ (2.0-1.8-2.0 మిల్లీమీటర్లు) తీసుకోండి. సన్నటి మధ్యభాగం కొంచెం సాగి, హబ్ దగ్గర స్పోక్ వంపు మీద పడే ఒత్తిడిని తను తీసుకుంటుంది, అందుకే ఒకే మందం ఉన్నవాటికంటే ఎక్కువకాలం ఉంటాయి. నిపుల్స్ (స్పోక్‌ని రిమ్‌కి బిగించే చిన్న నట్లు) ఇత్తడివే. అల్యూమినియంవి కొన్ని గ్రాములు తేలిక గానీ తుప్పుకి పట్టేసి, బెండ్ తీయబోతే తిరగవు. రిమ్ బాగా అమ్ముడుపోయే మోడల్ అయ్యుండాలి. మూడేళ్ల తర్వాత అదే కొలతది దొరికితేనే స్పోక్స్ మళ్లీ వాడుకోగలం.

హబ్ విషయంలో మీ అలవాటు చూసుకోండి. షిమానో కంపెనీ హబ్‌లలో చాలావాటికి విడి బాల్స్ ఉంటాయి, ఏటా విప్పి గ్రీజు పెట్టి సర్దితే ఏళ్ల తరబడి నడుస్తాయి. పట్టించుకోకపోతే లోపలి కప్పు గుంటలు పడి, హబ్ మొత్తం పోతుంది. సర్వీస్ వాయిదా వేసే మనిషైతే 6902 లాంటి మామూలు నంబరు సీల్డ్ బేరింగ్ ఉన్న హబ్ తీసుకోండి. పాతది కొట్టేసి కొత్తది ఎక్కిస్తే సరిపోతుంది. క్యాసెట్ ఎక్కే భాగం ఉక్కుదైతే ఇంకా మంచిది, మెత్తటి అల్యూమినియంలో పళ్ల గాట్లు పడతాయి.

కొన్న రోజే మూడు కొలతల స్పోక్స్ రెండేసి అదనంగా తీసుకుని ఇంట్లో పెట్టుకోండి. ముందు చక్రానివి ఒక కొలత, వెనక రెండు వైపులా రెండు కొలతలు. కొత్త చక్రం మీద మొదటి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఒకసారి మెకానిక్‌కి చూపించి బిగువు సరిచేయించాలి, అది కూలీలో కలిపే ఉందో లేదో ముందే మాట్లాడుకోండి.

రేసు రోజున కార్బన్ చక్రాలు ఎక్కించేటప్పుడు బ్రేక్ ప్యాడ్లు కూడా మార్చండి. అల్యూమినియం రిమ్ మీద వాడిన ప్యాడ్‌లో లోహపు రవ్వలు ఇరుక్కుని ఉంటాయి, అవి కార్బన్‌ని గీసేస్తాయి. విప్పిన పాత వెనక చక్రాన్ని సగం ధరకి ఎవరికైనా అమ్ముదామనుకోకండి. ఆ రిమ్ ఇంకెవరి కిందా తిరగకూడదు, పాత సామాన్లకి వేసేయండి.