రిజిస్టర్‌కు ఎక్కని మోషన్స్

చి. సౌమ్యకు,

నీ మెసేజ్ చూశాను. తిండి వల్ల వచ్చే బ్యాక్టీరియా జబ్బుల భారం జిల్లాలో ఎంతో తేల్చమన్నారని, ల్యాబ్ రిజిస్టర్లు తిరగేస్తే వాటిలో ఒకటైన సాల్మొనెల్లా బ్యాక్టీరియా కేసులు ఏడాదికి పట్టుమని పది కూడా లేవని టెన్షన్ పడుతున్నావు. రిజిస్టర్ అబద్ధం చెప్పట్లేదమ్మా. ఆ పదిమందీ అక్కడిదాకా ఎలా వచ్చారు, మిగతావాళ్లు ఎక్కడెక్కడ ఆగిపోయారు అన్నదే నువ్వు తేల్చాల్సింది.

మనింట్లోనే చూడు. పోయిన వేసవిలో ఫంక్షన్ నుంచి వచ్చాక మీ పెదనాన్నకు రెండు రోజులు మోషన్స్. మజ్జిగన్నం, ఓఆర్ఎస్, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు, అంతే. ముప్పై ఏళ్లు ల్యాబ్‌లో పనిచేసిన నేనే శాంపిల్ పంపలేదు, ఇంకెవరు పంపుతారు?

జబ్బుపడ్డ మనిషి డాక్టరు దాకా, ల్యాబ్ దాకా, రిజిస్టర్ దాకా వచ్చే మెట్లు ఒక్కోటీ కొలిచి చూడు. ఊరికే అంకెలు అనుకుందాం: జబ్బుపడ్డ 100 మందిలో 20 మంది డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆ ఇరవైలో ఒక్కరికే మలం కల్చర్ (మలంలో క్రిమిని ల్యాబ్‌లో పెంచి గుర్తించే పరీక్ష) రాశారు. క్రిమి ఉన్నా ల్యాబ్ నూటికి 70 సార్లే పట్టుకుంది. 0.2, 0.05, 0.7 గుణిస్తే 0.007. అంటే రిజిస్టర్‌లో ఒక్క కేసుకు అసలు కేసులు సుమారు 143. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ల 2011 అంచనాలో సాల్మొనెల్లాకు ఈ గుణకం సుమారు 29, తిండితో వచ్చే మరో బ్యాక్టీరియా లిస్టీరియాకు రెండే. లిస్టీరియా ముదిరితే ఇంట్లో పడుకుని తగ్గించుకునేది కాదు, ఆస్పత్రికి వెళ్లాల్సిందే. అందుకే అన్ని క్రిములకూ ఒకే గుణకం పెట్టకు. వాళ్ల గుణకాలు అరువు తెచ్చుకోకు, అక్కడ మనదగ్గరలా డాక్టరు చీటీ లేకుండా యాంటీబయాటిక్ ఇవ్వరు.

మోషన్స్ తెచ్చే ఇంకో బ్యాక్టీరియా క్యాంపైలోబ్యాక్టర్ మీ ల్యాబ్‌లో సున్నా అన్నావు. అది ఆక్సిజన్ తక్కువగా ఉంచి, 42 డిగ్రీల దగ్గర, ప్రత్యేకమైన మీడియాలో (క్రిమికి ఆహారంగా వేసే పదార్థంలో) పెంచాల్సిన క్రిమి. మామూలు కల్చర్‌లో దొరకదు. వెళ్లి అడుగు, అసలు వెతుకుతున్నారా అని. టైఫాయిడ్‌ది తిరగబడ్డ కథ. విడాల్ అనే రక్తపరీక్షలో పాజిటివ్ అని రాసినవన్నీ లెక్కేస్తే ఉన్నదానికంటే ఎక్కువ తేలుతుంది. బ్లడ్ కల్చర్ నమ్మదగ్గదే, కానీ అది పదిమందిలో నలుగురిని వదిలేస్తుంది. దానికీ సవరణ కావాలి. పైగా టైఫాయిడ్ నీళ్ల వల్లా వస్తుంది, మొత్తం తిండి ఖాతాలో వేయకు.

కేసులతోనే ఆగకు. క్యాంపైలోబ్యాక్టర్ వచ్చి తగ్గాక కొద్దిమందికి కాళ్లు చచ్చుబడే గిలాన్-బారీ వస్తుంది. ఆ నెలల బాధ కూడా భారమే. పసిపిల్లలను విడిగా చూపించు. డబ్ల్యూహెచ్‌వో 2015 నివేదికలో ప్రపంచం మొత్తం తిండి జబ్బుల భారంలో 40 శాతం ఐదేళ్లలోపు వాళ్లదే.

అంకె ఒక్కటే ఇవ్వకు, ఇంత నుంచి ఇంత అని రాయి. పై అధికారి ఒక్క అంకే అడుగుతాడు, అయినా సరే. అమెరికాలో తిండి జబ్బులు 1999 అంచనాలో ఏడాదికి 7.6 కోట్లు, 2011లో 4.8 కోట్లు. తగ్గిపోయాయని చాలామంది సంబరపడ్డారు. మారింది చాలావరకు లెక్కకట్టే పద్ధతి, డేటా.

ఇంటింటి సర్వే ప్రశ్నలు అచ్చుకిచ్చే ముందు నాకు పంపు. 'అతిసారం' అని రాసి ఉంటే కొట్టెయ్. 'ఈ నెలలో ఒక్కరోజులో మూడుసార్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ నీళ్ల మోషన్స్ అయ్యాయా, ఏం మందు వేసుకున్నారు, ఎవరిచ్చారు' అని అడుగు. మందుల షాపు పేరు చెప్పడానికి జంకితే పేరు వద్దను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ